ఐసు మీద పెళ్లికారు

రంగూన్ మొత్తానికి మంచు మీద కారు నడిపినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. ఎంత దూరమని అడిగితే మాత్రం నలభై గజాలని ఒప్పుకోవాలి. ముందుకా వెనక్కా అని మాత్రం ఇప్పుడే అడక్కండి.

మా ఊళ్ళో మంచెక్కడిదని మీకు అనుమానం రావడం న్యాయమే. ఇక్కడ చలికాలమంటే తెల్లవారుజామున పొగమంచు, రోడ్డు మీద తడి, మంకీ టోపీల్లో గజగజలాడే పెద్దమనుషులు. మధ్యాహ్నానికి మళ్ళీ చెమటలే. అయినా ఆ రోజుల్లో తామ్వే పేటలో మా వీధి టీకొట్టు దగ్గర కూచుని, జపాను రేవుల్లో మోకాలి లోతు మంచులో కారెలా నడిపానో వర్ణించేవాణ్ణి. ఎక్సలేటర్ మీద కాలు కోడిగుడ్డు మీద పెట్టినట్టు పెట్టాలి. రెండో గేరులో బయల్దేరాలి. బ్రేకు గట్టిగా నొక్కకూడదు. జారితే కంగారుపడక, కాలు మెల్లగా తీసి, చక్రాలకు పట్టు దొరికేదాకా ఓపిక పట్టాలి. వినేవాళ్ళకు టీ చల్లారిపోయేది.

నేను ఓడెక్కిన మాట నిజమే. కట్టేసి ఉన్న ఓడ. మా తాత తెలుగునేల నుంచి వచ్చిన నాటినుంచీ మాది హార్బరు పని. నేను బియ్యం బస్తాల లారీ తోలేవాణ్ణి. జపాను వెళ్ళొచ్చినవాడు మా పక్కింటి బర్మా ఆయన, ఓడలో ఇంజను పని చేసేవాడు. అతను చెప్పినవన్నీ నా పేర రాసుకున్నాను. ఒకసారి పొరపాటున అతనికే చెప్పాను. మర్యాదస్తుడు, చివరిదాకా విని ఇంకో టీ చెప్పాడు.

ఆయనే ఒక కారు తెచ్చుకున్నాడు. మాకు తెలిసిన జీపులూ లారీలూ వెనక చక్రాలు తోస్తే నడిచేవి. ఇది ముందు చక్రాలు లాగే కారు. ఎద్దులు బండిని ముందునుంచే లాగుతాయి గనక ఇందులో వింతేముందని టీకొట్టు దగ్గర కొట్టిపారేశాను. తర్వాత ఒకరోజు చేతికిచ్చాడు. కాస్త గట్టిగా తొక్కేసరికి స్టీరింగు ముకుతాడు తెగిన కోడెలా ఒక పక్కకు గుంజుకుపోయింది. ఆ తర్వాత నేను ఆ కారును సైకిలు వేగం దాటనివ్వలేదు. ఇంజను పాడవకుండా కాపాడుతున్నానని అందరికీ చెప్పాను.

అది ఎనభై ఎనిమిది, వీధులన్నీ జనంతో నిండి, ఆ తర్వాత జనం లేకుండా పోయిన ఏడు. ఎండాకాలంలో సర్కారు మీద మొదలైన అరుపులు వానాకాలం చివర తుపాకులతో ఆగాయి. కాలేజీలు మూశారు. రాత్రి కర్ఫ్యూ, తెల్లవారుజామున నాలుగింటికి సడలింపు. ఐదుగురికి మించి ఒకచోట చేరకూడదు. అలాంటి చలికాలంలో మా చెల్లెలి కూతురి పెళ్ళి కుదిరింది. ఊరికి పడమర, నది ఒడ్డున చిమిండైంగ్ పేట గుడిలో పెళ్ళికి ఒక్క ఉదయానికి మాత్రం అనుమతి కాగితం దొరికింది. ముహూర్తం ఆరూ పన్నెండుకు. తప్పితే వెంటనే ధనుర్మాసం, నెల్లాళ్ళు పెళ్ళిళ్ళు లేవు. ఆ పైన మళ్ళీ కాగితం ఇస్తారో లేదో చెప్పగలవాడు ఊళ్ళో లేడు.

పక్కింటాయన సముద్రం మీదున్నాడు. ఆయన భార్య కారు తాళాలు ఇచ్చింది. మా వీధిలో డ్రైవర్లకు కరువు లేదు, అయినా పెళ్ళికూతురు నన్నే తోలమంది. జపాను అనుభవం చూసి అడిగిందని రెండు రోజులు ఛాతీ విరుచుకు తిరిగాను.

మా చెల్లెలివాళ్ళు నాలుగింటికే పికప్పులో ముందు వెళ్ళారు. కారులో పెళ్ళికూతురు, నేను, మా ఆవిడ. మా దేశంలో బండి రోడ్డుకు కుడిపక్క పోవాలి, స్టీరింగు కూడా కుడిపక్కే ఉంటుంది. డ్రైవరు కాలవ గట్టున కూచున్నట్టే. ఎదురొచ్చేది ఎడమపక్క కూచున్నవాళ్ళు తల బయటపెట్టి చూసి చెప్పాలి. ఆ పొగమంచులో మా ఆవిడ తల మీద తువ్వాలు కప్పుకుని ఎల్లు, ఆగు అని రెండే మాటలతో మమ్మల్ని తీసుకెళ్ళింది. నాలుగుచోట్ల సైనికులు ఆపి కాగితం చూశారు. చిమిండైంగ్ చేరేసరికి గుడికెళ్ళే పెద్దదారికి అడ్డంగా ముళ్ళకంచె. ఇక మిగిలింది రేవు వైపునుంచి ఎక్కే చేపల సందు.

మా ఊరి మంచంతా ఉండేది ఆ సందులోనే. పడవలు దిగిన వేళ. పగలగొట్టిన ఐసు, చేపల జిగురు, పొలుసులు, వాటి మీద ఇంకా ఐసు. సందు గుడివైపు ఎత్తుగా ఉంటుంది. సగం ఎక్కామో లేదో చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. నేను పాఠం చెప్పినవన్నీ మరిచి ఇంకా తొక్కాను. కారు ముక్కు పక్కకు జారి ఒక పులస బుట్టకు జానెడు దూరంలో ఆగింది. మళ్ళీ తొక్కాను. చక్రాల కింద ఐసు అద్దంలా తేలింది.

ముహూర్తానికి ఇంకా ఇరవై నిమిషాలే. దిగి నడుస్తానంది పెళ్ళికూతురు. పసుపు కాళ్ళు చేపల నీళ్ళలో పెట్టిస్తే మీ అమ్మకు నా మొహం ఎలా చూపించేదని మా ఆవిడ తలుపు పట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

“ఏటండీ, జపానులో ఏటి సేసినారో అదే సెయ్యండి.”

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, పాపం, అదే నన్ను చంపింది. చేతులు స్టీరింగు మీద పెట్టుకునే చెప్పేశాను. నేను జపాను ఎళ్ళలేదు. మంచు కంటితో చూళ్ళేదు. ఈ కారంటే నాకు బయం.

వెనకనుంచి పెళ్ళికూతురు నవ్వింది.

“నాకు తెల్దేటి మావా? నీకు బయమనే నిన్ను తోలమన్నాను. ఇంకోడైతే తామ్వేలోనే తొక్కేసి ఏ గోడకో కొట్టేసును.”

అంత గౌరవం నాకు అంతకుముందూ ఆ తర్వాతా ఎవరూ ఇవ్వలేదు. బుర్ర తేలికపడగానే పక్కింటాయన చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. గొప్పగా వినిపించదని టీకొట్టు దగ్గర నేను వాడని మాట. ముందు చక్రాల కారు మంచు గట్టు ఎక్కకపోతే తిప్పి వెనక్కి ఎక్కించాలి. అప్పుడు బరువంతా కిందికి దిగి, లాగే చక్రాల మీద కూచుంటుంది.

తిప్పడమెలా? చేపలమ్మే బర్మా ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. ఊలే, అంటే బాబాయ్, ముందు పెళ్ళికూతుర్ని చూపించు, తర్వాత తోస్తాం అన్నారు. అద్దం దింపాను. చూశారు, బాగుందన్నారు, పూలదండ సరిచేశారు. మమ్మల్ని ఏడిపించిన జారుడే అప్పుడు సాయం చేసింది. వాళ్ళు తోయగానే కారు తిరగలిలా తిరిగింది. ఐసు దిమ్మలకు కప్పే ఊక బుట్టెడు తెచ్చి చక్రాల కింద పోశారు. నేను ఎక్సలేటర్ జోలికే పోలేదు. క్లచ్చి మీద కాలు వెంట్రుకవాసి ఎత్తాను. కారు గొణుక్కుంటూ కదిలింది. మా ఆవిడ వెనక్కి తల పెట్టి ఎల్లు, ఎల్లు అంది. ఆగు అనలేదు.

అలా మా మేనకోడలు గుడిముందుకు వెనక్కి వెనక్కి వచ్చింది. పెళ్ళికూతురు తిరగేసి వస్తే మంచిదా చెడ్డదా అని ముసలమ్మలు వాదన పెట్టుకున్నారు. ముహూర్తానికి ఆరు నిమిషాలే ఉందని పంతులుగారు కసిరేసరికి వదిలేశారు. ఆమె కుడికాలు పొడిమెట్టు మీద పెట్టి దిగింది.

తాళి కట్టడం అయింది. అక్షింతలు వేసి, గుడి మెట్ల దగ్గర పెళ్ళికొడుకు బాబాయికి జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. కొండలాంటి ఐసు గట్టు అన్నాను. అర మైలు అన్నాను. పీటల మీంచి పెళ్ళికూతురు తలెత్తి నావైపు చూసింది, అంతే.

నలభై గజాలని దిద్దుకున్నాను. వెనక్కి అని కూడా చెప్పాను.