టర్నర్ సాబ్ ఈగ, లచ్చన్న కొత్తనీళ్లు

నడక కన్నా ముందే లచ్చన్నకు వల విసరడం వచ్చిందని అతని భార్య యాదవ్వ అంటుంది. అందులో సగం పెళ్లాం చెప్పుకునే గొప్ప, మిగతా సగం మాత్రం నిజం. ధర్మపురికి కాస్త దిగువన, గోదావరి ఒడ్డు బెస్తవాళ్లలో పుట్టిన మనిషి. అలాంటివాణ్ణి ఏజెంటు ఎనభై ఆరులో తీసుకెళ్లి ఒమాన్ దేశంలో నిజ్వాలో దింపాడు. చుట్టూ రాయి, రాయి వెనక కొండ, కొండ వెనక ఇంకో కొండ. ఖర్జూర తోటల్లో కాలువలున్నాయి గానీ లుంగీ తడవకుండా దాటేయవచ్చు. వాటిని నీళ్లనడానికి లచ్చన్నకు మనసొప్పలేదు.

రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు టర్నర్ సాబ్ ఉండే విల్లా చూసుకోవడం అతని డ్యూటీ. టీ, ఇస్త్రీ, ఊడ్చడం, కాపలా. సాబ్ ఇంగ్లండు మనిషి, భార్య పోయినవాడు, యాభై దాటాయి. ఇద్దరూ మాట్లాడుకునేది వంటింటి హిందీ, అక్కడక్కడా అరబ్బీ. ఇక్కడ నేను తెలుగులో చెబుతున్నాను గానీ, వాళ్ల హిందీ వింటే హిందీవాళ్లు దండం పెట్టి వెళ్లిపోతారు.

సాబ్‌కు ఒకటే పిచ్చి. ప్రతి శుక్రవారం గాలం సంచీ జీపులో వేసుకుని, లచ్చన్నను వెంటబెట్టుకుని, ఎండిపోయిన వాదీలోకి దిగేవాడు. వాదీ అంటే మన వాగే, కాకపోతే ఏడాదిలో పది రోజులు పారితే గొప్ప. ఆ గులకరాళ్ల మీద నిలబడి ఆయన గాలం విసరడం అభ్యాసం చేసేవాడు. కొక్కెం బదులు దారం కొసకు ఎర్ర ఉన్ని ముక్క. చేప బదులు, నలభై అడుగుల అవతల, గొడుగు పట్టుకుని లచ్చన్న.

"ఏమన్నా, ఇయ్యాల ఎన్నిసార్లు దొరికినవు?" అని రూమ్‌లో నర్సింగ్ వేళాకోళం చేసేవాడు. నర్సింగ్ కూడా ఆ జిల్లావాడే, సైట్‌లో మేస్త్రీ.

"నువ్వు సిమెంటు కలుపు పో" అనేవాడు లచ్చన్న. అతనికి కోపం వచ్చేది కాదు. ఆ సంచీలోని సామాను సర్దే పని పూర్తిగా అతనికే అప్పజెప్పాడు సాబ్. అది దొరికాక లచ్చన్న వారమంతా శుక్రవారం కోసం చూసేవాడు.

రెండు ముక్కల కడ్డీ. అతుకు దగ్గర కొవ్వొత్తి మైనం రాసి, మెల్లగా తిప్పి దిగవేయాలి. ఒక కన్ను మూసి చూస్తే రింగులన్నీ ఒకే వరసలో కనపడాలి. అడుగున చక్రం బిగించి, లావు దారం రింగుల్లోంచి లాగి, దాని కొసకు సన్నని నైలాను కట్టాలి. అది తొమ్మిదడుగులు, పోనుపోను వెంట్రుకంత అవుతుంది. దాని చివర, వాదీలోనైతే ఉన్ని ముక్క, నీళ్లుంటే ఈగ. నిజం ఈగ కాదు, కోడిపుంజు మెడ ఈకలు కొక్కేనికి చుట్టి చేసిన ఈగ. ముడిని ఉమ్మితో తడిపి బిగించాలి, లేకపోతే రాపిడికి నైలాను కాలిపోయి తెగుతుంది. లావు దారానికీ ఈగకూ కొవ్వు రాయాలి, రెండూ తేలాలి. ఈగ పక్కన మూరెడు నైలానుకు మాత్రం రాయకూడదు, సబ్బునీళ్లతో తుడవాలి. అది తేలితే నీడ పడుతుంది, నీడ చూసి చేప పారిపోతుంది.

ఇవన్నీ లచ్చన్న వారంలో నేర్చుకున్నాడు. చేత్తో నేర్చుకున్నాడే గానీ నమ్మలేదు. అతని ఊరి వలకు చుట్టూ బరువు గుండ్లుంటాయి. గాలానికి సీసముంటుంది. చేప ఉండేది కింద, మనిషి సరుకూ కిందికే పోవాలి. పైన తేలేదానికి కొంగలు వస్తాయి గానీ చేపలు వస్తాయా?

సాబ్ ఏటా జూన్‌లో సెలవు మీద వెళ్లేవాడు. వాళ్ల ఊరి నది మీద ఈగలు లేచేది ఆ రెండు వారాలే, వాటిని తినడానికి చేపలు పైకొచ్చేదీ అప్పుడే. విల్లా ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదని కంపెనీ రూల్. అందుకని సాబ్ ప్రతి మార్చిలోనూ అడిగేవాడు, "జూన్‌లో నేను పోతాను. నీకేమైనా ఇబ్బందా?"

"మాఫీ ముష్కిల్, సాబ్" అనేవాడు లచ్చన్న. ఇబ్బందేమీ లేదని. గల్ఫ్‌లో మనవాళ్లు మొదట నేర్చుకునే మాట అదే. జీతం ఆలస్యమైనా అంతే, జ్వరమొచ్చినా అంతే.

ఇబ్బంది ఉంది. మిరుగం, అంటే మృగశిర కార్తె, దాటాక గోదారికి కొత్తనీళ్లు వస్తాయి. ఎర్రగా, నురగతో, మట్టివాసనతో వస్తాయి. ఆ రోజు గంగమ్మకు పసుపు కుంకుమలిచ్చి, ఇంటి పెద్దవాడు మొదటి వల విసరాలి. ఆరేళ్లుగా లచ్చన్న ఇంట ఆ వల అతని తమ్ముడు విసురుతున్నాడు. రెండుసార్లు సెలవు దొరికింది, రెండుసార్లూ డిసెంబరే, నది ఇసుకలో సన్నగా పడుకుని ఉంది. ఒక ఏడు యాదవ్వ పంపిన క్యాసెట్‌లో ఆమె మాటల వెనక కొత్తనీళ్ల హోరు వినపడింది. పెళ్లాం ఏం చెప్పిందో అతనికి గుర్తులేదు. ఆ హోరు కోసం క్యాసెట్ అరిగిపోయేదాకా వేశాడు.

తొంభై రెండు మార్చిలో కొండల మీద రెండు రోజులు వాన కురిసింది. వాదీ పారింది. తగ్గాక ఒక మడుగు మిగిలింది, అందులో వేలెడు చేపలు. సాబ్ ముఖం పెళ్లికొడుకు ముఖమైపోయింది. ఆయన్ను చూసి లచ్చన్నకు జాలి వేసింది. ఇన్నేళ్లకు నీళ్లు దొరికాయి, తేలే ఈగ వేసి పాపం ఏం పడతాడు? పాత కేబుల్ మీది సీసం పెసరగింజంత చుట్టి, ఈగ పక్కన పంటితో నొక్కేశాడు. సాబ్‌కు చెప్పలేదు.

సాబ్ విసిరాడు. ఈగ బుడుంగుమంది. మళ్లీ విసిరాడు, మళ్లీ మునిగింది. దారం లాగి చూసి, ఆ సీసాన్ని గోటితో ఊడదీసి వేలిమీద పెట్టుకున్నాడు.

"ఇదెందుకు?"

"బరువు లేంది చాపకు ఎట్ల అందుతది, సాబ్? మా గోదార్ల అట్లనే ఏస్తం."

"మీ గోదారి ఎట్లా ఉంటుంది?"

ఆరేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. లచ్చన్న రాయి మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తనీళ్ల రంగు, మొదటి వల, ఎదురెక్కే చేపలు.

"అది ఏ నెల?" అన్నాడు సాబ్.

లచ్చన్న నోట్లోకి మాఫీ ముష్కిల్ వచ్చేసింది. మింగేశాడు.

"జూన్, సాబ్. మీరు పొయ్యే నెలనే."

సాబ్ దారం చుట్టుకున్నాడు. ఇంకా ఎండ ఉండగానే జీపెక్కాడు. నోరు జారి ఉన్న డ్యూటీ పోగొట్టుకున్నాననుకున్నాడు లచ్చన్న. శనివారం పొద్దున టేబుల్ మీద లీవు కాగితం ఉంది, లచ్చన్న పేరున, జూన్ ఒకటి నుంచి రెండు నెలలకు. సాబ్ సెలవు సెప్టెంబరుకు జరిపి ఉంది. ఆ నెలలో ఆ నది మీద ఆ ఈగలు ఉండవని లచ్చన్నకు తెలుసు.

"వద్దు సాబ్" అన్నాడు.

"ఆరుసార్లు నేను వెళ్లాను" అన్నాడు సాబ్.

బయల్దేరే రోజున సాబ్ ఒక ఈగ తెచ్చి చేతిలో పెట్టాడు. లేత పసుపుది, కొక్కెం వంపు కత్తిరించేసినది. "మీ నీళ్లలో వదులు. ఎంత దూరం తేలిందో నాకు చెప్పు."

ఆ ఏడు కొత్తనీళ్లు ఆలస్యమయ్యాయి. లచ్చన్న రోజూ వెళ్లి ఒడ్డున కూర్చునేవాడు. సెలవు ఇంకా తొమ్మిది రోజులుందనగా తెల్లవారుజామున హోరు వినపడింది. యాదవ్వ పసుపు కుంకుమలు వదిలింది. తమ్ముడు వల అందించాడు. మొదటిసారి అది విచ్చుకోలేదు, చాపలా చుట్టుకుని పడింది. చేయి మరిచిపోయింది. ఎవరూ నవ్వలేదు, అదే అతనికి ఎక్కువ బాధనిపించింది. రెండోసారి గుండ్రంగా పడింది. మోకాలిలోతు నీళ్లలో నిలబడి, తడిసిన వల గుండెకు హత్తుకుని, లచ్చన్న ఏడ్చాడు.

తరవాత జేబులోంచి ఈగ తీసి నీళ్ల మీద పెట్టాడు. అది నిటారుగా నిలబడి, గిర్రున ఒకసారి తిరిగి, సాగిపోయింది. లచ్చన్న ఒడ్డు వెంట పరుగెత్తాడు. పది అడుగులు. అంతలో ఒక సుడి వచ్చింది, నురగ మీద పడింది, ఇక కనపడలేదు.

ఆగస్టులో నిజ్వాకు తిరిగొచ్చేసరికి సాబ్ కాస్త చిక్కిపోయి ఉన్నాడు. పెట్టె దించకముందే అడిగాడు, "ఎంత దూరం పోయింది?"

లచ్చన్న పెట్టె దించి, ఆయన ముఖం కేసి చూశాడు.

"శానా దూరం, సాబ్. మా ఊరు దాటింది, రేవు దాటింది, పెద్ద మలుపు కాడ కూడ తేలుతనే ఉండె. నా కండ్లకు ఆనకుంటైందే గని మునుగలే."

సాబ్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. మరునాడు టీ ఇస్తుంటే మళ్లీ అదే అడిగాడు. లచ్చన్న కింద కూర్చుని మళ్లీ మొదటినుంచి చెప్పాడు.