కొలబద్ద బాబాయి మెమరీ కార్డు కొలిచిన వైనం

కొలబద్ద బాబాయి అంటే పెట్రోలు బంకు చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ట్యాంకరు వచ్చిందంటే చాలు, పైకెక్కి, మూత తీసి, ఇత్తడి కొలబద్ద అడుగంటా ముంచి చూస్తేగాని సరుకు దించనివ్వడు. డ్రైవరు కాగితం చూపించబోతే, "కాగితానికేమయ్యా, ఎంత రాస్తే అంత మోస్తుంది!" అంటాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని, అదే మాట.

అంతటి మనిషీ పిన్ని విషయంలో మాత్రం దిక్కుతోచక నిలబడ్డాడు. ఆవిడకు రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్. కుర్చీలో నాలుగేసి గంటలు. గడియారం చూసి చూసి విసిగిపోయి, ఒక బుధవారం వెళ్ళడమే మానేసింది. ఇంకొక్కటి మానితే ప్రాణానికే ముప్పని డాక్టరు తెగేసి చెప్పాడు.

శుక్రవారం బతిమాలి తీసుకెళ్తే, పక్క కుర్చీలో డయాలసిస్‌కే వచ్చిన బస్సు కండక్టరమ్మ చేతిలో గేమ్ మెషీన్ పట్టుకుని, అందులో వీధులు వేస్తూ ఊరే కట్టేస్తోంది. ఆ రోజు పిన్ని టైమెంతని ఒక్కసారీ అడగలేదు. అది విని పిన్ని తమ్ముడు సాయంత్రానికల్లా అలాంటి మెషీనే, దానికో మెమరీ కార్డూ తెచ్చి, ఆ గేమే కొనిపెట్టాడు. తీరా ఎక్కించబోతే, సగం దాటగానే "ఫైలు పాడైంది, ఇన్‌స్టాల్ కాలేదు" అంటూ మొండికేసింది. నాలుగుసార్లు చెరిపి మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ అదే పాట. ఒకరు నెట్ మంచిది కాదన్నారు, ఇంకొకరు గేమే మంచిది కాదన్నారు.

"నా రాతే అంత లెండి. సోమవారం నేను రాను," అని పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది.

బాబాయికి ఆ మెషీన్ మీద ఒళ్ళు మండింది. కార్డు ఊడదీసి చూశాడు. మీద రెండువందల యాభై ఆరు జీబీ అని బంగారు రంగులో అచ్చు. అచ్చు వేస్తే సరా, కొలిచిందెవరు?

శనివారం బంకు ఆఫీసు కంప్యూటరులో కార్డు పెట్టి, నిఘా కెమెరా వీడియోలు కొద్దికొద్దిగా అందులోకి ఎక్కిస్తూ, ఎక్కించినదల్లా తెరిచి చూశాడు. ముప్పై రెండు జీబీ దాకా అన్నీ బాగానే ఆడాయి. ఆ పైన ఎక్కినట్టే కనిపించాయిగాని, ఒక్కటి తెరుచుకుంటే ఒట్టు! ముప్పై రెండు జీబీ కార్డు మీదే రెండువందల యాభై ఆరని అచ్చేశారన్నమాట. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

"బావా, షాపువాడు నన్ను నిలువునా ముంచాడు!" బావమరిది తల పట్టుకున్నాడు.

"నీ తప్పేముందిరా? నువ్వు తేకపోతే మాకీ ఆశ కూడా లేదు. పద, ఇంకోటి తెద్దాం."

ఈసారి నమ్మకమైన చోట కొన్నారు. దాన్నీ గేమ్ పట్టేంత మేర కొలిచాకే బాబాయి వదిలాడు. ఆదివారం మెషీన్లోనే కార్డు ఫార్మాట్ చేసి, గేమ్ మళ్ళీ ఎక్కించారు. సగం దాటింది. ముప్పాతిక దాటింది. పూర్తిగా ఎక్కేసరికి బావా బావమరుదులు చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు.

సోమవారం పిన్ని మారుమాట్లాడకుండా బయలుదేరింది. నాలుగు గంటలయ్యాక నర్సు వచ్చి, "అయిపోయిందమ్మా, సూదులు తీసేస్తాను," అంది.

"ఒక్క ఐదు నిమిషాలాగు తల్లీ, వంతెన సగంలో ఉంది," అంది పిన్ని, తలైనా ఎత్తకుండా.

"ఇక ఈవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళడమే మీకు కష్టం అన్నయ్యగారూ!" అని కండక్టరమ్మ పకపకా నవ్వింది.

బాబాయి లేచి ఆమెకు రెండు చేతులూ జోడించాడు. "అంతా మీ చలవేనమ్మా," అంటూనే అందరి ముందూ ఏడ్చేశాడు.