మిర్యాలగూడ గోడ మీద మీసాలాయన

నా పుణ్యాన ఒక పెద్దాయన, తనకు ఏ సంబంధమూ లేని ఇంట్లో మెడలో దండ వేయించుకుని, వచ్చినవాళ్ళందరి చేతా దండాలు పెట్టించుకున్నాడు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ మీ ఇంటి బొమ్మలు ఎక్కడికైనా పంపాల్సి వస్తే నన్ను పిలవకండి.

సూర్యాపేటలో మందుల దుకాణం పైన ఒక గదికి సున్నం కొట్టించి, నాలుగు లైట్లు బిగించి, ఆర్ట్ గ్యాలరీ అని బోర్డు పెట్టుకున్న రోజులవి. మెట్లెక్కి వచ్చినవాళ్ళలో సగం మంది చేతుల్లో మందుల చీటీలే ఉండేవి. అలాంటి చోట కోదాడ డ్రాయింగ్ టీచరు పద్మజగారి బొమ్మ అమ్ముడైంది. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు. ఒక్కరి ముఖమూ కనపడదు, అంతా పచ్చదనం, వంగిన నడుములు. ఆమె బొమ్మల్లో అమ్ముడైన మొదటిది అదే. కొన్నది మిర్యాలగూడ రైసుమిల్లు యాదగిరి సేటు, అదీ చూడకుండా, ఫోన్లోనే.

"కొత్తింట్ల హాలు పెద్దగుంటది తమ్మీ. గోడ నిండాలె. బొమ్మ ఏదైనా మంచిదే."

పద్మజగారు నన్ను ఒక్కటే అడిగారు. "గృహప్రవేశానికి మా అమ్మని తీసుకొస్తానండీ. రంగులు దండగని ఎప్పుడూ సాధిస్తుంటుంది. ఒకరి గోడ మీద చూస్తేనైనా నమ్ముతుందేమో."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పాపం, ఈమె రచ్చ గెలిస్తే తప్ప ఇంట గెలవలేదు. అందుకే ఆ బొమ్మకు గీత పడకూడదని నేను కంకణం కట్టుకున్నాను.

మా వైపు పాత ఫ్లెక్సీని ఎవరూ పారేయరు. వడ్లకుప్ప మీద కప్పుతాం, స్నానాల గదికి కడతాం. నేను బొమ్మకు చుట్టాను. ఫ్లెక్సీ షాపులో తప్పు అచ్చయి మిగిలిపోయిన నివాళి ఫ్లెక్సీ అది. అట్టలు పెట్టి, దాన్ని ఫ్రేము మీద మంచానికి నవారు లాగినట్టు లాగి వెనక బిగించాను. అశుభమని అక్షరాలన్నీ వెనక్కి మడిచాను. ముందు వైపు తలపాగా, మీసాలు, నవ్వు మిగిలాయి. మోయడానికి వీలుగా కొక్కేలు బయటికి వదిలాను. ఎంత తెలివో చూడండి!

బొమ్మను మిర్యాలగూడ పంపించి, సేటుకు ఫోన్లో జాగ్రత్తలు కూడా చెప్పాను. "చెయ్యి పెట్టొద్దు సేటూ, గీకొద్దు, తడిబట్టతోని తుడవొద్దు. మొల కొట్టి తగిలియ్యున్రి, అంతే."

ప్యాకింగ్ విప్పమని మాత్రం చెప్పలేదు. అన్నం తినేవాడికి నోరు తెరవమని ఎవరైనా చెబుతారా?

మర్నాడు సేటు ఫోను. "బొమ్మ జబర్దస్తుంది తమ్మీ! ఆ నవ్వు సూస్తుంటె పానం లేసొస్తుంది."

"నవ్వా?"

"మీసం గూడ మస్తు దించిన్రు."

నాట్లేసే ఆడవాళ్ళకు మీసమా? నాకు తల తిరిగింది. కళ చూసేవాడి కంట్లో ఉంటుందంటారు, సేటు కంట్లో మిల్లు దుమ్ము కూడా ఉండి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

గృహప్రవేశం రోజు హాల్లో అడుగుపెట్టేసరికి ఎదురుగా గోడ మీద ఫ్లెక్సీలోని ఆ మీసాలాయన. మెడలో బంతిపూల దండ. సేటుగారి తాతేమో అనుకుని చుట్టాలంతా దండం పెట్టి మరీ భోజనాలకు వెళుతున్నారు. పద్మజగారి ముఖంలో రంగు పోయింది. పక్కనే వాళ్ళమ్మ మాత్రం వెలిగిపోతోంది.

"ఎంత బాగా గీశావే! ఇన్నాళ్ళకి మనిషిని మనిషిలా గీశావు."

పద్మజగారు నా వైపు చూసిన చూపుకు, నన్ను పాతెయ్యడానికి గొయ్యి కూడా అక్కర్లేదనిపించింది. స్టూలెక్కి దండ తీశాను.

"ఏం జేస్తున్నవ్ తమ్మీ?" సేటు పరుగెత్తుకొచ్చాడు.

"గిది ప్యాకింగ్ సేటూ. బొమ్మ లోపలున్నది."

"మరి ఈ పెద్దాయనెవరు?"

"నాకు గూడ తెల్వది."

ఫ్లెక్సీ ఊడింది. హాలు నిండా పచ్చదనం పరుచుకుంది. సేటు వాళ్ళమ్మ కర్ర పొడుచుకుంటూ దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. "మూడో ఆమెను సూడున్రి. నడుం పట్టేసింది, ఆమె పట్టిన నాటు వరస, ఆ మునుం ఇంక ముంగటికి సాగది. గీసినామె నాటుల దిగినట్టే ఉన్నది."

పద్మజగారు కళ్ళు తుడుచుకున్నారు. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు పద్మజగారి అమ్మ బొమ్మ దగ్గరికి వెళ్ళి, అంచులు తడిమి, వెనక్కి తొంగిచూసి, నన్ను మెల్లగా పిలిచింది.

"బాబూ, దీన్ని కూడా ఒకసారి విప్పి చూడండి. లోపల ఇంకేదైనా మంచిది ఉందేమో."

ఆ కొత్తింటి గడప మీద నిలబడి, ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేశాను. ముఖమున్న ఫ్లెక్సీ గానీ, ముఖమున్న కాగితం గానీ, ఆఖరికి పిల్లాడి బొమ్మ ఉన్న బిస్కెట్ల అట్టపెట్టె గానీ, ఈ జన్మలో ఏ బొమ్మకూ చుట్టను.