వందన సమర్పణ చిట్టి చేస్తుంది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ లోకంలో లేదు. బి.ఎడ్. అప్పుడే పూర్తి చేశాను, డీఎస్సీ ప్రకటన రేపో మాపో అంటున్నారు, ఆ రేపు ఎంతకీ వచ్చేది కాదు. కాకినాడలో మా పిన్ని వాళ్ళింట్లో మకాం. ఎవరు ఎదురుపడ్డా వాళ్ళ పిల్లల్ని ఎలా చదివించాలో చెప్పకుండా వదిలేదాన్ని కాదు. (నేను హాల్లోకి రాగానే మా బాబాయి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. పాపం, ఆయనకు దూరపు చూపు తగ్గిందని పిన్నితో చెప్పి కళ్ళ డాక్టరు దగ్గరకు పంపించాను కూడా.) ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఉండే ధైర్యం ఆ తర్వాత ఎంత చదివినా రాదు. అలాంటి ధైర్యంతో నిండి ఉన్న నన్ను మా వీధి చివర ఉండే పెద్ద మేడమ్‌గారు ఒకరోజు పిలిపించారు.

పెద్ద మేడమ్‌గారు అంటే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. హార్బరు వెనక పేటలో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాళ్ళ పిల్లలకు సాయంత్రాలు తన వరండాలో చదువు చెప్పేవారు. ఊళ్ళో పేరున్న ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు కరస్పాండెంట్‌గారు చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నారు. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికి ఆయనకు ఇప్పటికీ మోకాళ్ళు వంగవని చెప్పుకునేవారు. ఆ భయం వదిలేలోగా ఆవిడ ఆయన చేత ఒప్పించుకున్నదేమిటంటే, మున్సిపల్ స్కూల్లో ఆరో తరగతి పూర్తిచేసిన ముగ్గురు ఆడపిల్లల్ని ఏడో తరగతిలో ఉచితంగా చేర్చుకోవాలని. "సీటు ఇప్పించడం నా పని, అక్కడ వాళ్ళు నిలబడేలా చూడటం నీ పని" అన్నారు మేడమ్‌గారు నాతో. "వీళ్ళు నెగ్గితే వచ్చే ఏడు ఇంకొందర్ని పంపుతాను. వీళ్ళు వెనక్కి వచ్చేస్తే ఆ గేటు మళ్ళీ తెరవరమ్మా."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్" అన్నాను. నేనైతే అప్పటికే నిశ్చింతగా ఉన్నాను.

ముగ్గురిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళ పిల్లలు, నెమ్మదస్తులు. ఏదైనా అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఇద్దరూ కలిసి జవాబు చెప్పేవారు. మూడోది చిట్టి. సన్నగా, నల్లగా ఉండేది, రిబ్బన్లు ఎప్పుడూ ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉండేవి. గొంతు మాత్రం ఒడ్డున నిలబడి పిలిస్తే పడవలో ఉన్నవాళ్ళు తిరిగి చూసేంత. లెక్కలు చకచకా చేసేది. ఇంగ్లీషు వినబడగానే మాత్రం బిగుసుకుపోయేది. స్కూలు తెరిచే ముందు రోజు సాయంత్రం అడిగింది, "టీచర్‌గారూ, ఆళ్ళు ఇంగ్లీషులో ఏదో అడుగుతారు కదండీ, అర్థం కాకపోతే ఏం చెయ్యాలండి?" బి.ఎడ్. పాఠ్యపుస్తకాల్లో దీనికి సమాధానం లేదు. అయినా నేను క్షణం కూడా ఆలోచించలేదు. "తల పైకెత్తు. నవ్వు. గట్టిగా 'ఎస్ సార్' అను. ఆత్మవిశ్వాసం కనబడితే చాలు, భాష దానంతట అదే వస్తుంది" అన్నాను. ఆ ఇద్దరూ దాన్ని సగమే నమ్మారు. చిట్టి పూర్తిగా నమ్మింది.

మొదటి వారం గడిచేసరికి ఆ స్కూల్లో చిట్టి పేరు తెలియనివాళ్ళు లేరు. సైన్సు మాస్టారు ల్యాబ్‌లో పగిలిన గాజు గొట్టం పట్టుకుని "ఇది నువ్వేనా?" అని ఇంగ్లీషులో అడిగితే నవ్వుతూ "ఎస్ సార్" అంది. పగలగొట్టినవాడు వెనక బెంచీలో ఊపిరి పీల్చుకున్నాడు, చిట్టి వరండాలో నిలబడింది. డ్రిల్లు మాస్టారు "బ్యాండులో డ్రమ్ము వాయించగలవా?" అంటే "ఎస్ సార్". ఆ పెద్ద డ్రమ్ము మెడకు తగిలించుకుంటే చిట్టి కళ్ళూ రిబ్బన్లూ మాత్రమే కనబడేవి. వాటన్నిటికీ మించి ఇంగ్లీషు మాస్టారు స్కూలు వార్షికోత్సవంలో చివర వందన సమర్పణ ఎవరు చేస్తారని అడిగారట. తరగతి తరగతంతా చూపులు నేలకు దించేసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు ఖంగుమంది.

ఇదంతా నాకు గొప్పగానే అనిపించింది. "చూశారా మేడమ్, ఎంత చొరవో!" అని పెద్ద మేడమ్‌గారి దగ్గర గర్వపడ్డాను. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసి, మళ్ళీ పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకోవడంలో పడ్డారు. కానీ వాళ్ళ క్లాసు టీచరు వ్యవహారం దగ్గర నా గర్వానికి గండి పడింది. ఆయన మొదటి రోజున పిల్లల తండ్రులు ఏం చేస్తారో అడుగుతూ వచ్చారు. చిట్టి దగ్గరకు వచ్చేసరికి నోరు పెగలకపోతే ఆయనే సాయం చేశారు, క్లర్కా, ఇంజనీరా, డాక్టరా అంటూ. చిట్టి ఆఖరి మాట దగ్గర తేరుకుని తల పైకెత్తింది. ఆయనేమో చాలాకాలంగా కడుపుబ్బరంతో బాధపడుతున్న మనిషి.

కొన్నాళ్ళకు చిట్టి క్యారేజీ మర్చిపోతే, వాళ్ళమ్మ చేపల గంప ఇంటి దగ్గర దించేసి, ఉతికిన చీర కట్టుకుని స్కూలుకు తీసుకెళ్ళింది. క్లాసు టీచరు ఎంతో మర్యాదగా ఎదురొచ్చారు.

"నమస్కారమండి. మీ వారు ఎప్పుడు దొరుకుతారండి? ఒకసారి చూపించుకోవాలి."

"ఆయ్, ఆయన వేటకెళ్ళారండి. అమావాస్యకి గానీ రారండి."

"డాక్టరుగారు వేటకెళ్ళారా?"

"డాక్టరెవరండీ? మా ఆయనండి. రాగానే కబురెడతానండి. మీకు వంజరం కావాలాండి, చందువాయాండి? ఏది కావాలంటే అది చూపిస్తారండి."

మర్నాడు కరస్పాండెంట్‌గారి గదికి నాకు పిలుపు వచ్చింది. కుర్చీ చూపించలేదు. "పిల్లలు అబద్ధాలు చెబుతున్నారమ్మా. మా పేరెంట్సు నాలుగు రకాలుగా అనుకుంటారు. పెద్ద మేడమ్‌గారి మాట కాదనలేక తీసుకున్నాను గానీ..." అని ఆపి, బల్ల మీద గాజుగోళం తిప్పుతూ, "వార్షికోత్సవానికి హైదరాబాద్ నుంచి పెద్దాయన వస్తున్నారు. వందన సమర్పణకు ఆ అమ్మాయి పేరు ఇచ్చేశారు, ఇప్పుడు తీసేస్తే మేడమ్‌గారు ఊరుకోరు. అక్కడ గనక మా పరువు తీసిందా, వచ్చే ఏడు సీట్ల సంగతి మర్చిపోండి" అన్నారు. నేను తల పైకెత్తి, నవ్వి, "ఎస్ సార్" అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదనీ, నేను నేర్పిన పాఠం అప్పచెప్పిందనీ అక్కడికక్కడే చెప్పేశాను. "అయితే మీరు వేరే పాఠం నేర్పండి" అన్నారాయన.

ఆ సాయంత్రం వరండాలో ముగ్గురినీ కూర్చోబెట్టి కొత్త వాక్యం నేర్పాను: "సార్, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఇట్ అగైన్." అర్థం కూడా చెప్పాను. చిట్టి పెన్సిలు కింద పెట్టేసింది. "అది నేనననండి."

"ఎందుకనవు?"

"అలా అంటే నాకు రాదని తెలిసిపోద్ది కదండీ. ఇప్పుడైతే తెలీదు కదండీ."

ఇంత పిల్లకు ఇంత భయం ఉందనీ, ఆ నవ్వు వెనక దాన్ని ఇన్నాళ్ళూ దాచుకు తిరిగిందనీ అప్పటిదాకా నాకు తోచలేదు. లోపలి నుంచి పెద్ద మేడమ్‌గారే వచ్చి మెట్టు మీద దాని పక్కన కూర్చున్నారు. "రాదని తెలియడానికేనే స్కూలుకు వెళ్ళేది. అన్నీ వచ్చిన వాళ్ళు అక్కడ ఏం చేస్తారు? గోళ్ళు కొరుక్కుంటారు" అన్నారు. చిట్టి పెన్సిలు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఒకసారి అని చూస్తానండి. నవ్వితే మాత్రం మళ్ళీ అననండి" అని షరతు పెట్టింది.

మొదటిసారి లెక్కల క్లాసులో అందట. మాస్టారు ఆశ్చర్యపోయి మొదటినుంచీ మళ్ళీ చెప్పారు. నవ్వలేదు సరికదా, వెనక బెంచీల వాళ్ళు కూడా గబగబా రాసుకున్నారట. వారం తిరక్కుండా చిట్టికి ఆ వాక్యం రుచి తెలిసింది. సైన్సు, సోషలు, చివరికి బ్యాండులో కూడా వాడేసింది. మరోపక్క వందన సమర్పణ బట్టీ సాగింది. నేను రాసిచ్చిన వాక్యాల్లో ఒక్కోటి రైలంత పొడుగుండేది. (అప్పట్లో చిన్న వాక్యం రాస్తే చదువు తక్కువనుకుంటారని నా భయం.) చిట్టి మధ్యలో ఆగి, "ఊపిరి అందట్లేదండి టీచర్‌గారూ" అనేది. అలా ఊపిరి అందని చోటల్లా నేను చుక్క పెట్టుకుంటూ పోతే, చివరికి అది మనుషులు మాట్లాడుకునే ఇంగ్లీషులా తయారైంది.

వార్షికోత్సవం రోజు స్కూలు మైదానంలో షామియానా, రంగు కాగితాల తోరణాలు, ముందు వరసలో మెత్తటి కుర్చీలు. పేట నుంచి మూడు కుటుంబాలూ వచ్చి చివర నిలబడ్డాయి. పెద్ద మేడమ్‌గారు చూసి, వెళ్ళి వాళ్ళను చెయ్యిపట్టుకుని తెచ్చి మధ్య వరసలో కూర్చోబెట్టారు. చిట్టి వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు. క్లాసు టీచరు ఆయన్ను చూసి వినయంగా నమస్కరించి, వెంటనే గుర్తొచ్చి దగ్గారు.

ముఖ్య అతిథిగారు లేచి కాగితాలు తీశారు. ఇంగ్లీషు అంటే ఇంగ్లీషే. ఒక్కో మాటా గుళ్ళో గంటలా మోగింది, దేనికీ అర్థం తెలియలేదు. నేను మాత్రం ప్రతి వాక్యానికీ తల ఊపాను. నా పక్కన పేరెంట్సు నన్ను చూసి ఊపారు. చివర్లో ఆయన వేదిక మీద వరసగా కూర్చున్న పిల్లల వైపు తిరిగి, "మీ అందరికీ అర్థమైంది కదా?" అని ఇంగ్లీషులోనే అడిగారు. పిల్లలంతా ఒక్క గొంతుతో "ఎస్ సార్!" అన్నారు. అంతా అయిపోయిందని చప్పట్లకు చేతులు లేపాం. అప్పుడు వరస చివర ఒక రిబ్బను పైకి, ఒక రిబ్బను కిందకి లేచి నిలబడ్డాయి.

"సార్, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఇట్ అగైన్."

మైకు అక్కర్లేని గొంతు అది. వెనక ఐస్‌క్రీమ్ బండివాడు కూడా గంట కొట్టడం ఆపేశాడు. కరస్పాండెంట్‌గారి ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇరవై రెండేళ్ళ ఆ ధైర్యమంతా ఎక్కడికి పోయిందో, కుర్చీ కింద నా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాను. ముఖ్య అతిథిగారు కళ్ళద్దాలు తీసి, "విచ్ పార్ట్?" అన్నారు.

ఈ ప్రశ్న నేను నేర్పలేదు. చిట్టి ఒక్క క్షణం ఆలోచించి, నిజాయితీగా తెలుగులో, "మొత్తం అండి" అంది.

ముందు నవ్వింది ఆయనే. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "మాది రావులపాలెం దగ్గరమ్మా. ఈ ప్రసంగం మా ఆఫీసులో కుర్రాడు రాసిచ్చాడు. నిజం చెప్పాలంటే మూడో పేజీ నాక్కూడా అర్థం కాలేదు" అన్నారు. షామియానా ఎగిరిపోతుందేమో అన్నంతగా నవ్వులు. తర్వాత పావుగంటసేపు ఆయన తెలుగులో, అరటి గెలలు మోసుకెళ్ళే లారీలెక్కి తాను స్కూలుకు వెళ్ళిన సంగతులు చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ వెంటనే చిట్టి మైకు ముందుకొచ్చి, ఊపిరి అందే ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. జాబితాలో లేని పేరు ఒకటి తనే కలిపింది, "మై ఫాదర్, హి ఈజ్ నాట్ డాక్టర్". వాళ్ళ నాన్నకు ఏం అర్థమైందో గానీ లేచి నిలబడి అందరికీ దణ్ణం పెట్టాడు.

మరుసటి ఏడు కరస్పాండెంట్‌గారు అచ్చు వేయించిన కరపత్రంలో 'మా పిల్లలకు ప్రశ్నించే ధైర్యం నేర్పుతాం' అని పెద్ద అక్షరాలు. మేడమ్‌గారు పంపిన కొత్త పిల్లలకు కాఫీ బిస్కట్లు కూడా పెట్టారట. మన ముగ్గురూ ఎనిమిదో తరగతికి వెళ్ళారు. చిట్టి లెక్కల్లో క్లాసు ఫస్టు, ఇంగ్లీషులో గట్టెక్కింది, డ్రమ్ము మాత్రం వదల్లేదు.

ఆ వేసవిలోనే నాకు జంగారెడ్డిగూడెం వైపు టీచరు ఉద్యోగం వచ్చింది. బస్సు కదిలే వేళకు చిట్టి వాళ్ళమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, కిటికీలోంచి ఒక మూట నా ఒళ్ళో పడేసింది. "ఎండు రొయ్యలండి, మా ఇంట్లో ఎండబెట్టినయ్యండి, అక్కడ మీకు దొరకవండి!" అంది. బస్సు ఊరు దాటేలోపు ఆ వాసన డ్రైవరు దాకా పాకింది. నా ముందు సీట్లో కూర్చున్న ఒకాయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి, "ఎవరిదండీ ఈ మూట?" అని అడిగారు. ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్త హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టుకుని కూర్చున్న ఆ పిల్ల, అంటే నేను, మూటను రెండు చేతులా దగ్గరకు తీసుకుని బస్సంతా వినబడేలా "నాదేనండి!" అన్నాను. ఆ దారి పొడుగునా నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఈ వయసులో నాకు గనక ఆ బస్సు ఎక్కే అవకాశం వస్తే, వెళ్ళి ఆ పిల్ల పక్కన, ఆ సీట్లో కూర్చుంటాను.