కుట్టినవాళ్ళే ముందు కూర్చోవాలి

గుమ్మంలో నిలబడతారేం, ఇలా నా మోకాలి పక్కకు జరిగి కూర్చోండి. చదివింది నాలుగో తరగతే గానీ, చూసింది ఏదీ మరవను నేను.

నా చిన్నప్పుడు గోదావరి ఊళ్ళోకి వస్తే హెలికాప్టర్ నుంచి అన్నం పొట్లాలు వేశారు. అందరూ పొట్లాల వెంట ఉరికితే, నేను హెలికాప్టర్ తలుపు దగ్గర కాళ్ళు వేలాడేసి కూర్చున్న మనిషినే చూస్తూ నిలబడిపోయాను. వట్టి చేతులతో వచ్చానని అమ్మ వీపు మీద రెండు వేసింది. ఆ దెబ్బలకన్నా ఆ మనిషే ఎక్కువ గుర్తున్నాడు.

పెళ్ళయి బూర్గంపాడు వచ్చాక నా చేతికి దబ్బనం వచ్చింది. మాది లారీల సరుకు మీద కప్పే పట్టాలు కుట్టే ఇల్లు. మిషను మా ఆయనది. మిషను సూది దిగని మందం గుడ్డలన్నీ నావి. పట్టా గుడ్డతో చంటిపిల్లల ఉయ్యాలలు కూడా కుడతాం. మా అత్త ఒక కట్టుబాటు పెట్టి పోయింది: ఉయ్యాల కుట్టిన మనిషి ముందు తాను కూర్చుని ఊగి చూడాలి, ఆ తర్వాతే బిడ్డ తల్లికి ఇవ్వాలి.

మొన్న ఎండాకాలం ఊరి బయట బీడులో గాలిమోటరు దిగింది. పెద్దదేం కాదు. మూడు చక్రాల బండి, వెనక ఫ్యాను, పైన గొడుగులా విచ్చుకునే గుడ్డ. నడిపే ఆయన వెనక ఒక్క మనిషిని కూర్చోబెట్టుకుని గోదావరి మీద ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు.

మూడో రోజు ఆయనే మా కొట్టుకు వచ్చాడు. హైదరాబాదు మనిషి, నెరిసిన మీసం. వెనక సీటు విప్పి తెచ్చాడు, దాని పట్టీ కుట్టు ఊడిందట. దారానికి మైనం పట్టించి, రెండు పేటలు వేసి మధ్యాహ్నానికి కుట్టేశాను. ఆయన చేయి చాపాడు.

"ముందు నేను కూసోవాలె సారూ. మా ఇంట్ల కుట్టినోళ్ళే ముందు కూసుంటరు."

"అరుగు మీద పెడ్త, కూసోండమ్మా."

"అరుగు మీద కాదు. పైన."

మిషను మీద మా ఆయన కాలు ఆగింది. "గోడ పట్టుకుని లేస్తవ్. నీకు గాలిమోటరు కావాల్నా?"

"లేవనీకేనయ్యా తిప్పలు. అది కూసునే పనే గద."

"నలుగురు ఏమంటరే?"

"నలుగురు కింద ఉంటరు. నాకేం ఇనపడ్తది?"

నడిపే ఆయన నవ్వాడు. "యాభై దాటినోళ్ళను ఎక్కించుకోమమ్మా. రూలు."

"నా కుట్టు మీద నమ్మకం ఉన్నదా?"

"ఉన్నది గాబట్టే మీకాడికి తెచ్చిన."

"నేను కూసుంటే తెగేదాంట్ల ఇంకొకళ్ళ బిడ్డను ఎట్ల కూసోవెడ్తవ్ మరి?"

సీటు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేశాను. ఇవ్వనంటే ఇవ్వను. నడిపే ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కొట్టు కప్పు వైపు చూశాడు.

సాయంత్రం బీడులో నా కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టి కట్టారు, నెత్తిన హెల్మెట్ పెట్టారు. పక్కింటామె వచ్చి, "దబ్బనం నాకిచ్చి పో వదినా, మళ్ళ వస్తవో రావో" అంది. బండి దడదడా ఉరికింది. ఆ దడ ఒక్కసారిగా ఆగింది. చూస్తే చక్రాల కింద నేల లేదు.

అబద్ధం చెప్పను, పట్టీని గట్టిగా పట్టుకున్నాను. కుట్టు కదలలేదు. గోదావరి ఎండకు ఎన్ని పాయలుగా చీలిందో, ఏ పాయ ఎక్కడ మళ్ళీ కలిసిందో అంతా కనబడింది. అవతల భద్రాచలం, ఇవతల మా రేకుల కొట్టు, వెనకంతా అడవి. ముప్పై ఏళ్ళు ఆ రేకుల కిందే గడిపాను. పైనుంచి అరచేయి అడ్డం పెడితే మాయమైపోయింది.

"భయమైతుందా అమ్మా?" అని అరిచాడు ఆయన.

"దించుతవేమో అని భయమైతుంది" అన్నాను.

దిగాక హెల్మెట్ తీసి ఇచ్చాను. మా ఆయన వచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

"సరదా తీరిందా?"

"తీరలే. వెనక సీటు అయింది. ఇగ ముందు సీటు ఉన్నది."

ఈ వయసులో ఇదేం పోకడ అని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అననివ్వండి. ముందు సీటు మాట నేను వదల్లేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ పొయ్యి ఏ పూటా ఆరకూడదు. మీ ఇంట్లో పడుచుపిల్ల గానీ ముసలమ్మ గానీ పైకి చూస్తే, తల దించమనే నోరు ఆ ఇంట్లో పుట్టకూడదు.