‘వస్తాను’కు రెండో అర్థం

1983 డిసెంబరు. కోలార్ బంగారు గనుల్లో నేను బడి పంతులమ్మని. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. బడి వదిలాక నాకు ఇంకో కొలువుండేది. గని కార్మికుల వరుస ఇళ్ళను అక్కడ ‘లైన్’ అంటారు. ఆ లైన్ పక్కనే ఉన్న మిషనరీ శిక్షణ హాస్టల్లో తెలుగు చెప్పేదాన్ని. మాది పూజలూ వ్రతాల ఇల్లు. అయినా ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన ‘ళ’తో కుస్తీ పట్టే ఆ పిల్లలంటే నాకు భలే కుతూహలం.

నా పద్ధతి డ్రిల్లు. అంటే ఒక వాక్యం ఇచ్చి, ఒక్కో మాట మారుస్తూ వందసార్లు పలికించడం. ‘నేను వస్తాను, నువ్వు వస్తావు, వాళ్ళు వస్తారు.’ లైన్‌లో విని ‘వస్తాది, ఉండాది’ అంటే అక్కడికక్కడే దిద్దేదాన్ని. నా క్లాసు దాటినవాళ్ళు మాట తప్పు పలకరని కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడు వచ్చినవాళ్ళలో రువాతి అని మిజోరం అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఇల్లు చేరడానికే రోజులకు రోజులు పడుతుందని క్రిస్మస్‌కి పంపలేదు. ఆ పిల్లకు మనసు నిలవలేదు. శిక్షణ మానేసి వెళ్ళిపోతానని వార్డెన్‌తో చెప్పేసింది. “పండగ దాటనీమ్మా. అప్పటికీ పోవాలనుంటే నేనే రైలెక్కిస్తా” అన్నాడాయన.

ఆ సంగతి తెలిసి, పండగ మధ్యాహ్నం అలసంద వడలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. మిగతా పిల్లలు చర్చి దగ్గర పాటల్లో ఉన్నారు. రువాతి ఒక్కతే వరండాలో చాప మీద కూర్చుని ఉంది. ఎదురుగా పదకొండు కంచాలు. అన్నం, కోడికూర గిన్నెల మీద మూతలు. పక్కన తాడు బిగించిన ట్రంకుపెట్టె.

“ఎవరికమ్మా ఇదంతా?”

తన నోటుపుస్తకం నా చేతికిచ్చింది. ముందురోజు లైన్ ఆడవాళ్ళు హాస్టల్లో కట్టిన కాగితం నక్షత్రం చూడడానికి వచ్చి, కేకు తిని వెళ్ళారట. వెళ్ళేటప్పుడు ఎవరేమన్నారో రాసుకుంది. కృష్ణమ్మ: వస్తా. మునెమ్మ: వస్తామ్మా. రాజమ్మ: పోయొస్తా. అలా పదకొండు పేర్లు.

“మా ఊర్లో క్రిస్మస్‌కి అందరూ కలిసి తింటారు మేడం. ఒక్కరే తినరు. వీళ్ళు వస్తాను అన్నారు. పొద్దుట నుంచి చూస్తున్నాను. ఇక్కడ అందరూ వస్తారు, కానీ ఎవరూ రారు. ఎందుకు?”

ఫక్కున నవ్వొచ్చింది. ఆ మొహం చూసి అంతలోనే సిగ్గేసింది. వందసార్లు పలికించానే గానీ, వెళ్ళేవాళ్ళు కూడా ‘వస్తాను’ అనే అంటారని ఒక్కసారైనా చెప్పలేదు. ‘పోతాను’ అనడం మనకు అశుభమని, అందుకే ఎవరూ అలా అనరని అప్పుడు చెప్పాను. తలూపింది. పెట్టెకున్న తాడు మాత్రం విప్పలేదు.

లేచి లైన్‌లోకి నడిచాను. మొదటి ఇల్లు కృష్ణమ్మది. సంగతి విని నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. చేతిలో చాట పక్కన పెట్టి, “ఒసే మునెమ్మా, రాజమ్మా, అందురూ పిల్లోళ్ళని ఎత్తుకోని రాండే” అని వరుసంతా కేకేసింది.

హాస్టల్ వరండాకొచ్చి కృష్ణమ్మ రువాతి పక్కనే చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది.

“మా ఆయన గూడా వస్తా అనే షిఫ్టుకి పోయినాడమ్మా. ఆ దినం లోపల రాక్‌బర్స్ట్ అయింది.”

గని లోతుల్లో ఒత్తిడికి బండ ఉన్నట్టుండి పేలిపోవడాన్ని అలా అంటారు.

“వస్తా అన్నాడు గదాని మూడు దినాలు అన్నం మూసిపెట్టుకోని కుసున్నా. నువ్వు అట్ల కుసోవద్దు. ఇంగ వడ్డించు, ఆకలైతా ఉండాది.”

ఆ మాటల్లో రువాతికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. కళ్ళు తుడుచుకుని లేచి మూతలు తీసింది. పిల్లలతో కలిపి పదకొండు కంచాలు ఏం చాలుతాయి? నేను వడల డబ్బా మూతలోనే పెట్టించుకున్నాను. సాయంత్రానికి ఆ ట్రంకుపెట్టె తాడుతో లైన్ పిల్లలు తాడాట ఆడుతున్నారు.

ఆ తర్వాత ఎంతమందికి తెలుగు చెప్పినా ‘వస్తాను’ దగ్గర డ్రిల్లు ఆపి, రెండో అర్థం చెప్పకుండా ముందుకు పోలేదు. పుస్తకంలో ఉండేది సగం అర్థమే, మిగతా సగం గడప దగ్గర వినాల్సిందే అని నాకు నేర్పింది ఆ పిల్లే.

మరుసటి వేసవిలో శిక్షణ ముగిసింది. రువాతిని టేకల్ పక్కన పల్లెకు వేశారు. బస్సెక్కి, “వస్తాను మేడం” అంది.

“ఏ వస్తాను?” అన్నాను. పంతులమ్మ బుద్ధి ఊరుకోదు కదా.

కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వింది. “క్రిస్మస్‌కి అన్నం మూసిపెట్టండి మేడం. తెలుస్తాది.”

‘తెలుస్తుంది’ అని దిద్దబోయి ఊరుకున్నాను. ఆ డిసెంబరులో పావు బియ్యం ఎక్కువే వేశాను. వచ్చింది. పల్లె నుంచి ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. అన్నం చాలలేదు, మళ్ళీ ఎసరు పెట్టాను.