ఫోన్ చేస్తే తిరిగే మోటారు

మొబైల్ స్టార్టర్లు కొత్తగా వచ్చిన రోజులవి. మోటారు పెట్టెలో ఒక సిమ్ కార్డు వేస్తారు. ఎక్కడినుంచైనా ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. నేను తిరుపతిలో బడిపంతులమ్మను. నాయన నాకు రాసిచ్చిన మామిడితోట బంగారుపాళ్యం దగ్గర ఉంది. మొక్కలకు రెండేళ్లు కూడా నిండలేదు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. దానికోసం మాటిమాటికీ బస్సెక్కలేక తోటలోని బోరుకు ఆ పెట్టె కొన్నాను.

కొన్నాక నా గొప్పలు ఇన్నీ అన్నీ కావు. స్టాఫ్‌రూములో అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి మరీ ఒకటి నొక్కేదాన్ని. "మోటారు నడుస్తోంది" అని అటునుంచి ఒక గొంతు చెప్పేది. ఇక చుక్క నీరు వృథా కాదని, బస్సు ప్రయాణాల పొగ కూడా తగ్గిందని తోటి టీచర్లకు పాఠం చెప్పాను. పంతులమ్మను కదా, ఊరుకోలేను.

వార్షిక పరీక్షల హడావుడిలో మూడు వారాలు తోటకు పోలేదు. పోయేసరికి మొక్కలు వాడిపోయి ఉన్నాయి. గట్టు దగ్గర పైపు జాయింటు ఊడి ఉంది. నేను ఫోన్లో తోడించిన నీళ్లన్నీ బండిబాట మీదుగా వంకలోకి పోయాయి.

పక్క చేనిలో టమోటా పెట్టిన అక్క గట్టు దాటి వచ్చింది. మా బోరుకు దగ్గర్లోనే ఆమె బోరు. మాది అదేపనిగా తోడేయడంతో వారంనుంచి దాంట్లో గాలి తప్ప నీళ్లు రావడం లేదు. పూత మీదున్న చేను ఎండుతోంది.

"మోటారు ఆపేసి ఉండొచ్చు కదక్కా" అన్నాను, తప్పేదో ఆమెదైనట్టు.

"పెట్టెకు తాళమేసుకోని పోతివి, ఎట్ల ఆపేది పాపా? నువ్వు ఆడ కూసోని మోటారు ఆడతా ఉండాదా లేదా అని సూసుకుంటాండావు. నీళ్లు యాడికి పోతాండాయో ఎవురు సూడాల?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు కూడా వచ్చింది. కానీ నేను ఏడిస్తే ఆమె చేను తడవదు.

ఆ పూటే జాయింటు బిగించి, పైపును ఆమె టమోటాకు తిప్పించాను. మా బోరులో ధార కూడా సన్నబడింది, రెంటికీ చాలదు. ఫోన్లో మా ఆయన "మన మొక్కలు పోతాయి కదా" అన్నాడు. "పోనివ్వను" అన్నాను. వేసవి సెలవులన్నీ తోటలోనే ఉండి, ఊరి చేతిపంపు నుంచి మోసుకొచ్చి మొక్క మొక్కకూ బిందెతో పోశాను. భుజాలు వాచాయి. కొన్ని మొక్కలు చచ్చాయి కూడా. నేను మాత్రం పంతం వదల్లేదు. ఆమె టమోటా కోతలు అయ్యేదాకా పైపు అటే ఉంది.

స్టార్టరును పీకి పారేయలేదు. అది చెప్పిన పని చేసింది, చెప్పేదాన్ని నేనే దూరంగా కూర్చున్నాను. అందుకే బడి తెరిచేముందు అందులోంచి నా నంబరు తీయించి ఆమెది పెట్టించాను. పెట్టె తాళంచెవి కూడా ఆమెకే ఇచ్చాను.

తర్వాత ఒకరోజు స్టాఫ్‌రూమునుంచి ఆమెకు ఫోన్ చేశాను.

"మామిడికి కాసేపు నీళ్లు వదులక్కా."

"వాన పడతాండాది పాపా ఈడ. మోటారెందుకు?"

తిరుపతిలో ఎండ మండిపోతోంది. నంబరు నాదే ఉండుంటే, ఆ వానలో కూడా ఒకటి నొక్కేసేదాన్ని.